గృహమునందు అన్నసంరక్షణము

గృహస్థాశ్రమమున కలహములు మహావిషయములను గూర్చి పుట్టుట అరుదు. మోక్షమును గూర్చియో, ఈశ్వరుని స్వరూపమును గూర్చియో అత్తాకోడండ్రు వాదులాడుకొనిన ఇల్లు కానరాదు. ఆవకాయ జాడీకి మూత పెట్టనివారెవరు? రాత్రి మిగిలిన పప్పు దాచవలెనా, పారవేయవలెనా? బియ్యము ఏడాదికి సరిపడ కొనవలెనా, నెలకు సరిపడ చాలునా? ఇట్టి అల్పవిషయములే మాటకు మాట పెంచి, ఒకే కప్పు క్రింద నివసించువారిని దినముల తరబడి మౌనులను గావించుచుండును. విషయము అల్పమే కాని దాని వెనుకనున్న మనోవృత్తి అల్పము కాదు. కావున సాధకుడగు గృహస్థు దీనిని ఉపేక్షింపక విచారింపవలసియున్నది.

భిలాయి ఉక్కునగరమున మరోదా అను ప్రాంతము కలదు. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ కుదిరిన ఒడంబడిక ననుసరించి ఆ నగరపు కర్మాగారము నిర్మింపబడినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. పని వెదకుకొనుచు దేశము నలుమూలలనుండి అచ్చటికి చేరినవారిలో తెలుగువారును కలరు. 1931లో పూర్తియైన రాయపూర్-విజయనగరం రైలుమార్గము కళింగాంధ్రమును ఆ సీమతో కలిపినది. ఆ బండ్లలో మనుష్యులతోపాటు ఆవకాయ జాడీలు, చింతపండు ముద్దలు, వడియముల మూటలు కూడ ప్రయాణము చేసినవి.

అట్టి కుటుంబమునొకదానిని ఉదాహరణముగ గైకొనవచ్చును. అత్తగారు పార్వతీపురము ప్రాంతపు పల్లెలో పుట్టినది. ధాన్యము గాదెలోను, పెరుగు ఉట్టిమీదను, ఊరగాయ జాడీలోను ఉండుట ఆమె యెరిగిన లోకము. కోడలు భిలాయిలోనే పుట్టి పెరిగి చదువుకొన్నది. ఫ్రిజ్ లేని వంటిల్లు ఆమె యెరుగదు. కుమారుడు కర్మాగారమున షిఫ్టుల వంతున పనిచేయును గాన, అతడు ప్రొద్దుపోయి వచ్చువరకు అతని పాలి అన్నము ఎట్లో కాచి యుంచవలసినదే.

మే మాసమున అచ్చట ఎండ 40 డిగ్రీలు దాటుచుండును. అన్నమును మూతవేసి గట్టుమీదనే యుంచవలెనని అత్తగారు. ఫ్రిజ్‌లో పెట్టవలెనని కోడలు. ఫ్రిజ్‌లోనిది పాచికూడని ఆమె. గట్టుమీదిది రోగకారణమని ఈమె. ఇంతలో నొకనాడు ఆవకాయ జాడీ తెరచి చూడగా పైన తెల్లగా బూజు కనబడినది. "తడిగరిటె పెట్టినావు కాబోలు, అమ్మాయీ" అని అత్తగారనినది. "నేను పెట్టలేదత్తయ్యా, మూత మీరే సరిగా బిగింపలేదేమో" అని కోడలు బదులు చెప్పినది. ఆనాటినుండి అత్తగారు కోడలు వండిన కూరను ఒక గరిటెడు మాత్రమే వడ్డించుకొనసాగినది. కోడలు అత్తగారి అలమర తెరచుట మానినది. కుమారుడు కర్మాగారపు క్యాంటీనులో భుజించి వచ్చుటకు అలవాటుపడెను. చెడినది జాడీడు ఆవకాయ. ఎడబడినవి మూడు మనస్సులు.

ఇట్టిచోట ఇరుపక్షములవారును శాస్త్రమును పిలుచుట కద్దు. శాస్త్రమేమి చెప్పుచున్నదో చూడదగును. భగవద్గీత 17వ అధ్యాయము 10వ శ్లోకమున తామసులకు ప్రియమైన ఆహారము చెప్పబడినది. అందలి "యాతయామము" అను పదమునకు జాము గడచినదని సామాన్యార్థము. అయినను శంకరభగవత్పాదులు దానికి సరిగా ఉడుకనిదని అర్థము చెప్పిరి. భగవద్రామానుజులు చిరకాలము నిలిచినదని వ్యాఖ్యానించిరి. "పర్యుషితము" అనగా వండిన పిమ్మట రాత్రి గడచినదని శంకరులు. కాలము గడచుటచే రుచి మారినదని రామానుజులు. ఆచార్యులే ఒక్క పదమునకు భిన్నార్థములు చెప్పియుండగా, ఒకే శ్లోకమును ఆయుధముగ జేసికొని తోడివారిని నిందించుట ఎవరికిని తగదు. మనుస్మృతి 5వ అధ్యాయమున నేయి, నూనె కలిసినదై చెడకయున్న పదార్థము రాత్రి గడచినను భుజింపదగినదే యనియు, యవగోధుమలతోడను పాలతోడను చేసినవియు అట్టివే యనియు చెప్పబడినది. అనగా గడియారమొక్కటే ప్రమాణము కాదు. పదార్థస్వభావమును చూడవలెనని తాత్పర్యము.

దేశాచారము కూడ దీనినే చెప్పును. చల్దియన్నము తెలుగువారికి ప్రాచీనమైన ఆహారము. పోతనామాత్యుని భాగవతమున గోపబాలురు కృష్ణునితో కూడి చల్దులు గుడిచిన ఘట్టము నెరుగని తెలుగువాడుండడు. ఛత్తీస్‌గఢ్ వాసులు నీట నానవేసిన అన్నమును బాసీ, బోరే అని పిలిచి వేసవిలో ప్రీతితో తిందురు. 2022 మే 1వ తేదీన, కార్మికదినమున, బోరే బాసీ భుజించి శ్రమజీవులను గౌరవింపుడని ఆ రాష్ట్రప్రభుత్వము ప్రజలను కోరినది. కాన మరోదాలోని అత్తగారి చల్దికుండ పొరుగువారికి కూడ వింత కాదు.

ఇక పదార్థవిజ్ఞానము చెప్పునది కూడ వినవలెను. ఊరగాయలో ఉప్పు ముక్కలలోని నీటిని వెలికి లాగును. నూనె గాలిని అడ్డగించును. సూక్ష్మజీవులకు కావలసిన నీరు, గాలి దొరకనందున అది ఏడాది నిలుచును. ముక్క నూనె పైకి తేలినను, తడి సోకినను బూజు పట్టును. దీనికి ఫ్రిజ్‌తో పనిలేదు. పొడి గరిటె, పొడి చేయి, ముక్క మునుగునంత నూనె చాలును. ఈ విషయమున అత్తగారి విద్యయే విద్య. వండిన అన్నము సంగతి వేరు. బియ్యములోని కొన్ని సూక్ష్మజీవుల బీజములు ఉడికినను చావవు. 5 డిగ్రీలకు పైని, 60 డిగ్రీలకు లోపలి గోరువెచ్చదనమున అవి మొలకెత్తి, వృద్ధిపొంది, విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. కావున మిగిలిన అన్నమును, పప్పును రెండు గంటలలోపుగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుటయే క్షేమము. ఈ విషయమున కోడలి మాట సత్యము. ధాన్యమునకు చెమ్మయే శత్రువు. బాగుగ ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పోసి, వేపాకు వేయుట మంచిది. ఎండబెట్టుట అత్తగారి పని, మూత బిగియు డబ్బా కోడలి కానుక. ఇట్లు విభజించి చూచినచో వివాదమున సగము తీరిపోవును.

మిగిలిన సగము జాడీలో లేదు, మనస్సులో నున్నది. అత్తగారు సంచి నిండ బియ్యమున్నగాని నిద్రపోదు. దీనికి కారణము లోభము కాదు. ఒరిస్సాను, గంజాము సీమను పీడించిన 1866 నాటి క్షామము, మద్రాసు రాజధానిని దహించిన 1876-78 నాటి కరవు తరతరములుగ ఇండ్లలో చెప్పుకొనబడినవి. ఖాళీ గాదెను చూచిన భయము ముత్తవ్వనుండి అవ్వకు, అవ్వనుండి ఆమెకు సంక్రమించినది. కోడలు మిగిలినదానిని అనుమానించుట పొగరు కాదు. ఒక వేసవిలో చెడిన పదార్థము తిని పసిబిడ్డ వాంతులతో సొమ్మసిల్లగా ఆమె రాత్రియంతయు మేల్కొనియున్నది. ఒకరి భయము ఆకలిని గూర్చి, ఒకరి భయము రోగమును గూర్చి. రెండును బిడ్డలమీది ప్రేమనుండి పుట్టినవే. ఒకరి ప్రేమను మరియొకరు నిందగా వినుటయే అజ్ఞానము. దానికి "నా వంటిల్లు" అను మమకారము తోడైనప్పుడు అజ్ఞానము కలహమగును.

దక్షిణేశ్వరమున శ్రీ శారదామాత నివసించిన నహబత్ గది ఈ సందర్భమున స్మరణీయము. అది మిక్కిలి ఇరుకైన గది. ద్వారము పొట్టిదగుటచే మొదట పలుమారులు ఆమె తల తగిలినది. ఆ గదిలోనే ఆమె పడక, వంటసామగ్రి, పప్పుదినుసులు. నెత్తిమీద ఉట్లు వ్రేలాడుచుండెడివి. శ్రీరామకృష్ణుల పథ్యమునకై నీటికుండలో ఉంచిన సజీవమత్స్యములు రాత్రియంతయు సవ్వడి చేయుచుండెడివి. అంతటి ఇరుకులో అన్నమును భద్రపరచి, వచ్చిన భక్తులకెల్ల ఆమె వండి పెట్టినది.

అచ్చటను ఈ విషయమై అభిప్రాయభేదము కలిగిన ఘట్టమొకటి కలదు. భక్తులు తెచ్చిన ఫలములను, మిఠాయిలను శారదామాత స్త్రీలకును, పిల్లలకును ఉదారముగ పంచివేసెడిది. ఒకనాడు ఆమె అట్లు సర్వము పంచివేయగా, తన గోపాలునికి కొంచెమైనను మిగుల్పలేదే యని గోపాలుని తల్లి యను భక్తురాలు నొచ్చుకొనినది. శ్రీరామకృష్ణులను బాలగోపాలునిగ భావించిన వృద్ధురాలామె. మరియొకప్పుడు శ్రీరామకృష్ణులే ఇంతగ వ్యయపరచినచో ఎట్లు జరుగునని శారదామాతతో ననిరి. ఆమె బదులు పలుకక ముఖము త్రిప్పుకొని వెడలిపోయెను. అంతట ఆయన కలతచెంది, అన్నకుమారుడగు రామలాలును పిలిచి, వెళ్ళి పినతల్లిని శాంతింపజేయుమనియు, ఆమె కోపించినచో తన సర్వము నష్టమగుననియు చెప్పి పంపిరి. ఇందు గ్రహింపవలసినది గొప్పది. జాగరూకత చెప్పినవారు మహాపురుషులు. ఆ జాగరూకత అన్యాయమైనది కాదు. అయినను తమ మాట నెగ్గవలెనని వారు పట్టుపట్టలేదు. ఆమె మనస్సు నొచ్చుటయే పెద్దనష్టమని తలచి, తామే ముందుగ మెట్టు దిగిరి.

శ్రీరామకృష్ణులు స్వయముగ ఏమియు దాచుకొనలేకుండిరి. ఒకనాడు శారదామాత వారికి ముఖశుద్ధికై కొంత దినుసు చేతికిచ్చి, మరికొంత కాగితమున పొట్లము కట్టి యిచ్చెను. ఆ పొట్లముతో తమ గదికి పోబోయి, వారు దారి తప్పి గంగయొడ్డుకు చేరిరి. సంచయము సన్న్యాసికి అంతటి అడ్డంకి. కాని అదే పొట్లమును కట్టియిచ్చుట ఆమెకు ధర్మము. సన్న్యాసి దాచుకొనకుండుట ధర్మము. గృహిణి దాచియుంచుట ధర్మము. ఆమె దాచనిచో అతిథికి, బిడ్డకు, భిక్షువుకు పెట్టునది ఏది? తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి అన్నమును నిందింపవలదనియు, త్రోసిపుచ్చవలదనియు, అన్నమును సమృద్ధముగ చేసికొనవలెననియు ఆదేశించి, ఆ వెంటనే ఇంటికి వచ్చినవానిని కాదనవలదని విధించుచున్నది. సమృద్ధి యెందులకో ఆ వరుసయే చెప్పుచున్నది.

మరోదా వాసులకు దీని దృష్టాంతము కన్నులయెదుటనే కలదు. తాందుల జలాశయమునుండి కాలువ ద్వారా వచ్చు నీరు మరోదా చెరువులలో నిలువజేయబడి కర్మాగారమునకును, నగరమునకును ఉపయోగపడుచున్నది. నీరు నిలిపినది పారించుటకొరకే. రాక, పోక రెండును ఆగినచో ఆ నీరే నాచుపట్టును. వంటింటి నిలువయు అట్టిదే. పుష్యపూర్ణిమనాడు ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఛేర్‌ఛేరా యను పండుగ జరుగును. పంట ఇల్లు చేరిన సంతోషమున పిల్లలు, పెద్దలు ఇంటింటికి వెళ్ళి కోఠీలోని ధాన్యమును వెలికి తీసి పెట్టుమని అడుగుదురు. వాకిటికి వచ్చినవారికి దోసెడైనను పోయని ఇల్లుండదు. నిండిన గాదె ఆనాడు ఇచ్చుటచే పవిత్రమగును.

ఇక ఆచరణము. వంటింట ఏది ఎవరిదను ప్రశ్న విడిచి, ఏ పదార్థమున కేది క్షేమమను ప్రశ్న వేసికొనవలెను. ఊరగాయ, ధాన్యము, ఎండు సరకులు పెద్దల పర్యవేక్షణమున నుండుగాక. వండిన పదార్థము పిన్నల బాధ్యతయగుగాక. చల్ది తినగోరువారు తమకు చాలినంత మాత్రమే నీట వేసికొని, ఉదయముననే భుజించి, మధ్యాహ్నపు ఎండదాక దానిని నిలుపకుందురుగాక. చెడినదానిని చూచినప్పుడు "ఎవరు చెరిచిరి" అని కాక, "ఎట్లు చెడినది" అని అడుగవలెను. మొదటి ప్రశ్న మనుష్యుని దోషిగ నిలుపును. రెండవది దోషమును వెలికి తీయును. మిగులు పదార్థమును గూర్చి శారదామాత ఒక క్రమమును చెప్పినది. మనుష్యుడు తినదగినది పశువుకు వేయరాదు. పశువు తినదగినది కుక్కకు వేయరాదు. అవియు తిననిది చెరువులోని చేపలకు వేయవచ్చును. ఏదియు వ్యర్థము కారాదు.

వీనికన్నిటికిని పూర్వము చేయవలసిన పని యొకటి కలదు. తప్పెవరిదని తేలువరకు వేచియుండక, ముందుగ పలుకరించుటయే అది. పైన చెప్పిన ఇంట ఒక ఉదయమున కోడలు క్రొత్త మామిడికాయలు తెచ్చి, ముక్కలు తుడుచు పొడిగుడ్డను అత్తగారి చేతికిచ్చి, "ఉప్పు ఎంత పోయవలెనో మీరు చెప్పండి, అత్తయ్యా" అనినదనుకొనవచ్చును. ఆనాటి రాత్రి మిగిలిన పప్పుగిన్నెను అత్తగారే ఫ్రిజ్ దగ్గరకు కొనిపోయి, "ఏ అరలో పెట్టమందువు, అమ్మాయీ?" అని అడుగును. పాత జాడీలో బూజు ఎట్లు పట్టినదో ఎప్పటికిని తేలకపోవచ్చును. తేలవలసిన అగత్యమును లేదు. కుమారుడు షిఫ్టునుండి వచ్చునప్పటికి ముగ్గురికిని విస్తళ్ళు వేసియుండును. అన్నము బ్రహ్మమని తెలిసికొనుటకు అట్టి పంక్తియే మొదటి పాఠశాల.