బంతి అందించే పాదం

వికారాబాద్ జిల్లాలోని మోమిన్‌పేట్ వంటి ఊళ్ళలో సాయంకాలం వాలీబాల్ ఆట సాగుతుంటే, చూసేవారి కళ్ళన్నీ షాట్ కొట్టేవాని మీదే ఉంటాయి. వలకు దగ్గరగా నిలిచి అతనికి బంతిని లేపి ఇచ్చేవాడు ఒక్క జానెడు తప్పినా ఆ షాట్ వలలో పడుతుంది. నింద మాత్రం కొట్టినవానిదే. ఫుట్‌బాల్‌లోనూ ఇదే వరస. గోలు చేసినవాని పేరు అచ్చవుతుంది. బంతి అతని పాదం వద్దకు ఎట్లా చేరిందో పట్టించుకొనేవారు తక్కువ.

ఈ సంగతిని లోతుగా గ్రహించి, దానినే శిక్షణగా మలచినవారు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొంది.

బంతిని కాలికి అంటించుకొని ప్రత్యర్థులను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోయే డ్రిబ్లింగ్ చూడ ముచ్చటైనదే. కాని బంతిని వదలడంలో జాగు జరిగితే ముందున్న ఫార్వర్డ్ చుట్టూ డిఫెండర్లు మూగుతారు. అప్పుడు అతడు ఎంతటి చురుకైనవాడైనా చేయగలిగింది స్వల్పం. అదే బంతి అతడు పరుగెత్తి చేరబోయే చోటికి సరిగ్గా ఆ క్షణానికే వస్తే దారి తెరుచుకొంటుంది. అందుచేతనే రహీం డ్రిబ్లింగును నిషేధించి పోటీలు నిర్వహించారు. ఒక్క తాకుతోనే బంతిని అందించడం, వాటంలేని కాలితోనూ ఆడడం నేర్పించారు.

అమెరికన్ ఫుట్‌బాల్ వేరొక ఆట. అందులో క్వార్టర్‌బ్యాక్ బంతిని చేతితో విసురుతాడు. వైడ్ రిసీవర్ పరుగెత్తి అందుకొంటాడు. అక్కడ ఒకరిపై ఒకరు ఆధారపడడం అంకెల్లోనే కనిపిస్తుంది. ర్యాండీ మాస్ అనే రిసీవర్ 2006లో ఓక్లాండ్ జట్టు తరఫున 3 టచ్‌డౌన్లు మాత్రమే చేశాడు. 2007లో న్యూ ఇంగ్లండ్ జట్టుకు మారి, టామ్ బ్రాడీ విసిరిన బంతులను అందుకొని 23 చేశాడు. జట్టు మొత్తం మెరుగైనదే కావచ్చు. కాని ఒక్క ఏడాదిలో మనిషి కాళ్ళ వేగం అన్ని రెట్లు పెరగదు గదా!

రహీం శిక్షణలోని భారతజట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆనాడు నెవిల్ డిసౌజా మూడు గోలులు చేశాడు. సికింద్రాబాదులో పుట్టిన తులసీదాస్ బలరాం అప్పటికి ఇరవై ఏళ్ళ కుర్రవాడు. తాను గోలు చేయడంలో ఎంత నేర్పరియో, పక్కవానికి బంతి అందించడంలోనూ అంతే నేర్పరిగా అతడు పేరు పొందాడు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండరైన జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీం అతణ్ణి ఫార్వర్డ్ స్థానానికి మార్చారు. గోలులను ఆపవలసినవాడు సెమీఫైనల్లో ఒకటి, ఫైనల్లో మరొకటి చేశాడు. బలరాం, చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ వంటివారు చుట్టూ ఉన్న జట్టు అది. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణపతకం మనకు దక్కింది. అప్పటికే క్యాన్సర్ వ్యాధి సోకిన రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు.