రెండడుగుల పట్టాల మీద దార్జిలింగ్‌కు

1870ల చివరలో సిలిగురిలో టన్ను బియ్యం ధర 98 రూపాయలు. అదే బియ్యం బండ్ల మీద కొండనెక్కి దార్జిలింగ్ చేరేసరికి 238 రూపాయలు పలికేది. ఈ వ్యత్యాసాన్ని చూసి కొండమీదికి రైలు వేయవలెనని తలచినవాడు ఈస్టర్న్ బెంగాల్ రైల్వే ఏజెంటు ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్. కలకత్తా నుండి సిలిగురికి రైలు మార్గం 1878 నాటికే ఏర్పడింది. అక్కడి నుండి పైకి హిల్ కార్ట్ రోడ్డు అనే బండ్లబాట ఉండనే ఉన్నది. ఆ బాట వెంబడే ఇరుకు పట్టాలు పరచవచ్చునని ప్రెస్టేజ్ ప్రతిపాదించగా బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు సర్ ఆష్లీ ఈడెన్ అంగీకరించాడు. 1879లో పని మొదలైంది. 1881 జూలైలో బండి దార్జిలింగ్ చేరింది. నేడు విహారయాత్రకు పేరొందిన ఈ మార్గం పుట్టింది విహారం కోసం కాదు, బియ్యం, తేయాకు వంటి సరకుల రవాణా కోసం.

ఈ మార్గంలో రెండు పట్టాల నడుమ దూరం రెండడుగులు మాత్రమే. మన ప్రధాన మార్గాలలో అది ఐదున్నర అడుగులు. పట్టాలు ఎంత దగ్గరగా ఉంటే మలుపు అంత చిన్నదిగా తిప్పవచ్చు. అందువల్లనే కొండను తొలిచే పని తప్పింది. కాల్కా-సిమ్లా మార్గంలో నూరుకు పైగా సొరంగాలుండగా ఇక్కడ ఒక్కటి కూడా లేదు. నీలగిరి రైలు నిటారు భాగంలో పళ్లపట్టా మీద ఎక్కుతుంది. దార్జిలింగ్ బండికి ఆ ఊతం సైతం లేదు. నున్నని పట్టా మీద నున్నని చక్రమే పట్టు నిలుపుకోవాలి.

మరి ఏటవాలు మితిమీరినచోట ఏమి చేయాలి? ఇందుకు రెండు ఉపాయాలు అవలంబించారు. మొదటిది చుట్టు: పట్టాలు గుండ్రంగా తిరిగి తమ మీదుగానే దాటి పైకి పోతాయి. రెండవది జిగ్‌జాగ్: బండి ముందుకు పోయి ఒక కొసన ఆగుతుంది, పట్టాల దారి మారుస్తారు, బండి వెనుకకు నడుస్తూ వాలును ఎక్కుతుంది, మరొక కొసన ఆగి మళ్లీ ముందుకు సాగుతుంది. ఈ ఆలోచన ప్రెస్టేజ్‌కు ఆయన భార్య చెప్పిన మాట వల్ల తోచిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. దానిని కథగానే వినాలి. మొదట వేసిన మార్గం మరీ నిటారుగా ఉండడంతో 1882లో కొన్ని జిగ్‌జాగ్‌లను, తింధారియాకు సమీపాన ‘ఎగొనీ పాయింట్’ అనే అతి ఇరుకైన చుట్టును చేర్చారు.

సిలిగురి దాటి సుక్నా వరకు బండి మైదానంలోనే నడుస్తుంది. అక్కడ సాలవనాలలో ప్రవేశించి ఎక్కడం ఆరంభిస్తుంది. 1889 నుండి ఈ మార్గానికి వచ్చిన ‘బి’ తరగతి ఇంజన్లకు నాలుగే చక్రాలు. బాయిలరు మీద గుర్రపు జీను వలె అమరిన నీటితొట్టి ఉంటుంది. ఇంత చిన్న ఇంజనుకు పరివారం మాత్రం పెద్దదే. డ్రైవరు, ఫైర్‌మన్ కాక, బొగ్గు పగలగొట్టి అందించడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇంజను ముందు భాగాన ఇద్దరు కూర్చుని, పొగమంచుకు తడిసిన పట్టాల మీద చేతులతో ఇసుక చల్లేవారు. ఆ పిడికెడు ఇసుక లేకపోతే చక్రం ఉన్నచోటనే తిరుగుతుంది. ప్రయాణికులు కిటికీలోంచి శిఖరాలను చూస్తారు గాని, ఆ ఇద్దరి చేతులను చూసినవారు తక్కువ.

ఈ ఇంజన్ల విడిభాగాలు బజారులో దొరికేవి కావు. వాటిని మరమ్మతు చేసే పని తింధారియా కర్మాగారానిది; కొన్ని ఇంజన్లు అక్కడే తయారయ్యాయి కూడా. అయితే తింధారియా నిలిచిన కొండ నమ్మదగినది కాదు. దానికి పైన ఉన్న పాగ్లాఝోరా పేరుకు పిచ్చివాగు అని అర్థం. వర్షాకాలంలో ఆ వాగు తన పేరు నిలబెట్టుకుంటూ వచ్చింది. 2010లో పాగ్లాఝోరా వద్ద కొండచరియ విరిగి పట్టాలూ రోడ్డూ కొట్టుకుపోయాయి. 2011లో సిక్కిం భూకంపం జరిగిన నెలలోనే తింధారియా వద్ద మరొక చరియ జారింది. మైదానం నుండి దార్జిలింగ్ దాకా బండి నేరుగా నడవడం 2015లో గాని మళ్లీ సాధ్యపడలేదు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన మార్గానికి సైతం కొండ మినహాయింపు ఇవ్వలేదు.

కుర్సియాంగ్‌లో బండి బజారు మధ్యగా సాగుతుంది. అంగళ్లలో వేలాడే బట్టలు కిటికీకి అందేంత దగ్గర. అక్కడి జనం బండి చప్పుడు విని పక్కకు తొలగుతారే తప్ప తలెత్తి చూడరు. వారి రోజువారీ ప్రయాణం ఏనాడో జీపులకు మారింది. జీపు మూడు నాలుగు గంటలలో చేరే దూరానికి రైలు ఏడు గంటలు పైగా తీసుకుంటుంది. 2000లో డీజిలు ఇంజన్లు వచ్చిన తరువాత ఆవిరి ఇంజన్లు ఎక్కువగా దార్జిలింగ్-ఘూమ్ మధ్య యాత్రికుల బండ్లకే పరిమితమయ్యాయి. రైలు నిలిచింది సంతోషమే; కాని ఊరివారు ఎక్కని రైలును బ్రతికి ఉన్న రైలు అనడానికి మనస్సు కొంత సంకోచిస్తుంది.

ఘూమ్ 7,407 అడుగుల ఎత్తున ఉన్నది. ఈ మార్గంలో అదే శిఖరస్థానం. దార్జిలింగ్ అంతకన్నా దిగువన ఉండడం చేత, ఇంతదూరం ఎక్కిన బండి చివరి మజిలీని దిగుతూ చేరుతుంది. మధ్యలో 1919లో నిర్మించిన బతాసియా చుట్టు వస్తుంది. దాని నడుమ గోర్ఖా సైనికుల స్మారక స్తంభం, ఆకాశం నిర్మలంగా ఉంటే ఎదుట కాంచనగంగ. అక్కడ బండి ఒక పూర్తి వృత్తం తిరిగి, తాను వచ్చిన పట్టాల కిందుగా దార్జిలింగ్ వైపు దిగుతుంది.