అవకాడో తొక్క రంగు చూసి మోసపోకండి: పక్వం, అలర్జీ గురించి నాలుగు మాటలు



వీడియోలో నా చేతిలో రెండు అవకాడోలు చూశారు కదా. ఒకటి నల్లగా, ఒకటి పచ్చగా ఉంది. నల్లది మాగింది, పచ్చది ఇంకా కాయే అనుకుంటాం. కోసి చూస్తే రెండూ వెన్నలాగే ఉన్నాయి. మొదట్లో నేనూ పొరపడ్డాను. పచ్చ రకం కాయలు నల్లబడతాయని గంపలో పెట్టి ఎదురుచూశాను. నల్లబడ్డాయి గానీ, కుళ్ళి నల్లబడ్డాయి.

తొక్క రంగు రకాన్ని బట్టి

హాస్ అనే రకం కాలిఫోర్నియాలో పుట్టింది, 1935లో పేటెంటు పొందింది. దాని గరుకు తొక్క మాగేకొద్దీ పచ్చ నుంచి ఊదా కలిసిన నలుపుకి మారుతుంది. ఫుయర్టె లాంటి రకాలు మాగినా పచ్చగానే ఉంటాయి. కొడగు, వయనాడు వైపు గింజ నాటి పెంచిన చెట్లలో రెండు రకాల కాయలూ కనిపిస్తాయి. అందుకే మీ చెట్టు ఏ రకమో తెలియకుండా రంగుని నమ్మొద్దు.

కోత, మాగడం

అవకాడో చెట్టు మీద మెత్తబడదు. ముదిరిన కాయని కోశాకే మాగుతుంది. ముదిరిందో లేదో తెలియాలంటే రెండు మూడు కాయలు కోసి ఇంట్లో పెట్టండి. వారం పది రోజుల్లో ముడతలు పడకుండా మెత్తబడితే కోతకి వచ్చినట్టే. వడలిపోయి రబ్బరులా సాగితే లేత కాయ. ఒకటి కోసి చూసినా తెలుస్తుంది: గింజ మీది పొర తెల్లగా ఉంటే లేత, గోధుమ రంగుకి తిరిగితే ముదిరినట్టు.

మాగిందో లేదో బొటనవేలితో నొక్కి చూడకండి, నొక్కిన చోట లోపల నల్ల మచ్చ పడుతుంది. అరచేతిలో పెట్టుకుని మెల్లగా అదమండి. కొంచెం లొంగితే తినొచ్చు. త్వరగా మాగాలంటే అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెట్టండి చాలు. కార్బైడ్ జోలికి వెళ్ళొద్దు, దానితో పండ్లు మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం.

అసలు చెప్పాలనుకున్నది: అలర్జీ

ఒకసారి మా దగ్గర పండ్లు కొన్న ఒకావిడ ఫోన్ చేశారు. తిన్న కాసేపటికే నోరు దురద, పెదవి వాపు అన్నారు. నేను వెంటనే "అమ్మా, మేం ఏ మందూ కొట్టం, మా పండుతో ఏమీ కాదు" అన్నాను. ఆ మాట పూర్తిగా తప్పు. అలర్జీ వచ్చేది పురుగుమందు వల్లే కాదు. పండులో సహజంగా ఉండే ప్రోటీన్ కొందరి ఒంటికి పడదు. మనం జీవామృతం పోసి పెంచినా ఆ ప్రోటీన్ ఉంటుంది.

రబ్బరు గ్లౌజులు వేసుకుంటే చేతులకి దద్దుర్లు వస్తాయని తర్వాత ఆవిడే చెప్పారు. సంగతి అక్కడే ఉంది. రబ్బరు పాలలోని ఒక ప్రోటీన్, అవకాడోలోని కైటినేజ్ అనే ప్రోటీన్ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. రబ్బరు పడని వాళ్ళలో కొందరికి అవకాడో, అరటి, కివీ కూడా పడవు. అందరికీ అలా అవుతుందని కాదు.

నోట్లో దురద, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి కనిపిస్తే తినడం ఆపి డాక్టర్ని కలవాలి. గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒకసారి అలా అయినవాళ్ళు "కొంచెం తిని చూద్దాం" అనుకోకూడదు.

ఇప్పుడు నేను కొత్తవాళ్ళకి పండు ఇచ్చే ముందు ఒకటే అడుగుతాను: "రబ్బరు గ్లౌజులు, బెలూన్లు మీకు పడతాయా?" పడవంటే, డాక్టర్ని అడిగాకే తినమంటాను. ఒక అమ్మకం పోతుంది, అంతే.

తొక్కలు పశువులకి వేయొద్దు

అవకాడో ఆకులు, తొక్క, గింజల్లో పెర్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఇది తింటే మేకలకి, ఆవులకి పొదుగు వాచి పాలు తగ్గొచ్చు, గుండె కూడా దెబ్బతినొచ్చు. కోళ్ళకీ, పెంపుడు పక్షులకీ వేయకండి. కత్తిరించిన కొమ్మలు, తొక్కలు పశువులకి అందని కంపోస్టు గుంటలో వేయండి.

మందు లేని పంట పండిస్తున్నామని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. అలాగని మన పండు అందరికీ పడుతుందని మాత్రం హామీ ఇవ్వొద్దు.