ఇన్వర్టర్‌కి చోటెక్కడ చెల్లీ?

ఏమ్మా, నువ్వు పంపిన కొత్తింటి ప్లాను చూశాను. పూజగది, వాషింగ్ మెషీన్, ఆఖరికి చెప్పుల స్టాండుకి కూడా చోటు రాశావు. ఇన్వర్టర్ ఊసే లేదు! ఫోన్లో అడిగితే "మెట్ల కింద పెట్టేద్దాం అక్కా, ఇంటీరియర్ అబ్బాయి తలుపు బిగించి కనపడకుండా చేస్తాడట" అన్నావు. నా మొదటి పేచీ ఆ తలుపుతోనే.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది యాసిడ్ పోసిన ట్యూబులర్ బ్యాటరీ. 150 ఏహెచ్‌ది అయితే 50 కిలోల పైమాటే, అటక మీదికి ఎక్కించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. ఛార్జింగ్ నిండే వేళకి దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది. రంగూ వాసనా ఉండవు కాబట్టి మనకి తెలియదు. గాలిలో అది నాలుగు శాతానికి చేరిందంటే నిప్పురవ్వ చాలు. గాలాడే చోటైతే ఏ గొడవా లేదు, తేలిక కదా, పైకి పోతుంది. నీ బిగించిన అరలో పోయేందుకు దారేది? తలుపు ఉండాల్సిందే అంటే జాలీ తలుపు పెట్టించు, పైన వెంటిలేటర్ వదిలించు. పూజగదిలో దీపం, వంటింట్లో గ్యాస్ బండ, ఈ రెంటికీ దూరం. పడగ్గదిలో అసలొద్దు. హైడ్రోజన్ సంగతి అటుంచు, రాత్రి కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌లోని ఫ్యాను చేసే హోరుకి చంటిదాని నిద్ర చెడుతుంది.

అలాగని పడమటి బాల్కనీలోకి నెట్టేయకు. ఈ బ్యాటరీల సామర్థ్యాన్ని 27 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆపైన ఎప్పుడూ పది డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంటే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని మోటు లెక్క. మీ రెంటచింతల ఎండలకి పడమటి గోడ ఎంత కాగుతుందో నేను చెప్పాలా?

ఇక వైరు సంగతి. మీ ఆయన "బ్యాటరీ బయట పెట్టి ఇన్వర్టర్ హాల్లో పెడదాం" అన్నారట కదా. అది కుదరదని చెప్పు. నాలుగు ఫ్యాన్లు, ఆరు లైట్లు, టీవీ కలిపి 450 వాట్లనుకో. ఇంటి వైరింగ్‌లో 230 వోల్టుల దగ్గర దానికి రెండు ఆంపియర్లు చాలు. అదే 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగాలంటే, ఇన్వర్టర్‌లో వృథా అయ్యేదీ కలిపి 40 ఆంపియర్లు దాటుతుంది. వైరు పొడుగైతే కరెంటు దారిలోనే వేడిగా పోతుంది, సన్నదైతే వైరే కాలుతుంది. కాబట్టి బ్యాటరీ, ఇన్వర్టర్ పక్కపక్కనే ఉండాలి, మధ్య వైరు లావుగా, పొట్టిగా ఉండాలి. మెయిన్ బోర్డు ఓ గది అవతల ఉన్నా ఫర్వాలేదు.

డిస్టిల్డ్ వాటర్ పోసేది ఎవరు? మనమే కదా! మూతల మీది ఫ్లోట్లు వంగి చూడకుండా కనపడాలి, సీసా వంచడానికి పైన ఖాళీ ఉండాలి. ట్రాలీ బయటికి లాగడానికి ముందు నేల సాఫీగా ఉండాలి. ఆ పని మొదలుపెట్టేముందు బంగారు గాజులు తీసెయ్యి తల్లీ. లోహం రెండు టెర్మినళ్లకీ తగిలితే చెయ్యి కాలిపోతుంది. మట్టిగాజులకి ఆ భయం లేదులే. కింద ప్లాస్టిక్ ట్రే తప్పనిసరి, నువ్వు ముచ్చటపడి వేయించే పాలరాతి మీద యాసిడ్ చుక్క పడిందా, మచ్చ పోదు.

లిథియం తీసుకుంటే నీళ్ల బెడద లేదు, మామూలుగా వాడినంతకాలం హైడ్రోజనూ రాదు, బరువూ బాగా తక్కువ. ధర మాత్రం ఎక్కువ. దానికైనా ఎండ పడదు. ఏదైనా జరిగితే మనం బయటికి పరిగెత్తే దారిలో మాత్రం పెట్టకు. మెట్ల కింద వద్దనడానికి అదీ ఒక కారణమే.

ఇక వరద సంగతి. విజయవాడలో మన పిన్నివాళ్లది కింది అంతస్తు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచెత్తింది చూశావుగా, అంత వరదకి బ్యాటరీ కింద అడుగెత్తు దిమ్మ ఏపాటి? మామూలు వాననీటికైతే దిమ్మ చాలు. ఒకటి గుర్తుంచుకో, వీధిలో కరెంటు తీసేసినా ఇన్వర్టర్ ఇంట్లోకి 230 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. నీళ్లు గుమ్మం దాకా వస్తున్నాయంటే, అవి లోపలికి రాకముందే దాన్ని ఆపెయ్యాలి.

అత్తయ్యగారు వాస్తు ప్రకారం ఆగ్నేయమే అంటారు, తెలుసు. అక్కడ నీ వంటిల్లు, బండ ఉన్నాయి. వాళ్లతో వాదించకు. వంటింటి బయట వాష్ ఏరియా ఉంది చూడు, దాని తూర్పు గోడ కూడా ఆగ్నేయంలోకే వస్తుంది, పైన స్లాబు నీడ, పక్కన గాలి. వాన జల్లు కొట్టకుండా చిన్న సన్‌షేడ్ వేయిస్తే చాలు. బండ మాత్రం ఆ గోడవైపుకి తేవద్దు. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తాడన్నావుగా, గోడ గాడి కొట్టకముందే సుద్దముక్కతో గీసి నాకు ఫోటో పెట్టు.