ఆజ్ఞ పాటించడం శీలం కాదు



ధమ్మ బంధువులారా,

మొన్న ఆదివారం ధమ్మ తరగతిలో మొదటి శీలం మీద మాట్లాడుకుంటుంటే రుడాల్ఫ్ హోస్ ప్రస్తావన వచ్చింది. ఒక తమ్ముడు లేచి, "అన్నా, లక్షల మందిని చంపించినవాడు మనిషెట్లా అవుతాడు? వాడు రాక్షసుడు!" అన్నాడు.

ఆ మాట మనకొద్దు. రాక్షసులని ఎవరిని అన్నారో, అలా అని ఏం చేశారో మనకు తెలుసు. పైగా రాక్షసుడు అనేస్తే, మనం మనుషులం కాబట్టి మనకా ప్రమాదం లేదనుకుంటాం. హోస్ మనిషే. అందుకే అతని గురించి తెలుసుకోవాలి. (హిట్లర్ సహాయకుడు రుడాల్ఫ్ హెస్ వేరు, ఇతను వేరు.)

హోస్ జర్మనీలో భక్తిగల క్యాథలిక్ కుటుంబంలో పుట్టాడు. కొడుకును మతగురువును చేయాలని తండ్రి కోరిక. పెద్దలు ఏం చెప్పినా మారుమాట లేకుండా చెయ్యాలన్నది ఆ ఇంట్లో నేర్పిన పాఠం. కుర్రతనంలోనే మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లాడు. 1922లో నాజీ పార్టీలో చేరాడు. 1923లో ఒక హత్యలో పాల్గొని, పదేళ్ల శిక్ష పడి, 1928లో క్షమాభిక్షతో బయటపడ్డాడు. 1934లో ఎస్.ఎస్. దళంలో చేరి, దాహౌ నిర్బంధ శిబిరంలో ఆ పని నేర్చుకున్నాడు. 1940 మే నెలలో, జర్మనీ ఆక్రమించుకున్న పోలండ్‌లోని ఆష్విట్జ్ శిబిరానికి అధిపతి అయ్యాడు.

అక్కడ పేలు, పురుగులు చంపే జైక్లాన్-బి అనే విషాన్ని మనుషుల మీద వాడారు. ముందు మనుషుల్ని పురుగులన్నారు, తర్వాత పురుగుల మందే పెట్టారు. ఆ శిబిరం నడిచిన కాలంలో సుమారు 11 లక్షల మంది చనిపోయారు. వారిలో దాదాపు 10 లక్షల మంది యూదులు. మిగిలినవారు పోలండ్ వాసులు, రోమాలు, సోవియట్ యుద్ధఖైదీలు, ఇతరులు. 1943 చివర్లో హోస్ వేరే పదవికి వెళ్లినా, 1944లో హంగరీ యూదుల్ని చంపే పని చూడటానికి మళ్లీ అక్కడికే వచ్చాడు.

శిబిరం పక్కనే అతని ఇల్లు. భార్య, అయిదుగురు పిల్లలు, పూలతోట. పిల్లలంటే అతనికి ప్రేమే. కానీ ఆ ప్రేమ గోడ దాటలేదు. గోడ దగ్గర ఆగిపోయేదాన్ని మనం మైత్రి అనం.

యుద్ధం ముగిశాక దొంగపేరుతో ఒక పొలంలో కూలివాడిగా దాక్కున్నాడు. 1946 మార్చిలో దొరికాడు. హిమ్లర్ ఆజ్ఞాపించాడు, నేను చేశాను, అది తప్పా ఒప్పా అని ఆలోచించలేదు: ఇదీ అతను చెప్పుకున్నది.

ఇక్కడే మన పాఠం ఉంది. కర్మ అంటే చేతన అన్నాడు బుద్ధుడు. అంటే, చెయ్యాలనే సంకల్పం. చేతిని పైఅధికారికి అప్పగించవచ్చు గానీ చేతనను అప్పగించలేం. ఆజ్ఞ ఎవరిదైనా చేసిన పని మనదే. గురువు చెప్పాడనో, ఎప్పటినుంచో వస్తున్నదనో దేన్నీ ఒప్పుకోవద్దని, అది హాని చేస్తుందా మేలు చేస్తుందా అని మీరే పరీక్షించుకోమని కాలాములకు ఆయన చెప్పింది ఇందుకే.

అంగులిమాలుడి సంగతి గుర్తుచేసుకోండి. అట్ఠకథ ప్రకారం అతనూ చెప్పిన మాట వినే శిష్యుడే. గురుదక్షిణగా వెయ్యి వేళ్లు తెమ్మన్నది గురువే. కానీ బుద్ధుడు ఎదురైనప్పుడు దారిలోనే ఆగిపోయాడు. హోస్‌కు ఆగడానికి మూడున్నరేళ్లు ప్రతి ఉదయం అవకాశం ఉంది. ఆగలేదు. మానవత్వం పట్ల ఘోరమైన నేరం చేశానని 1947 ఏప్రిల్‌లో రాసిచ్చాడు, ఉరికి నాలుగు రోజుల ముందు! ఏప్రిల్ 16న ఆష్విట్జ్‌లోనే అతన్ని ఉరితీశారు.

ఇది ఎక్కడో జర్మనీ వాళ్ల కథ అని పక్కన పెట్టకండి. ఆఫీసులో పైవాడు చెప్పాడని, కులపెద్ద చెప్పాడని, ఆఖరికి మన ఉద్యమ నాయకుడే చెప్పాడని ఒకరికి హాని చేసే పనికి చెయ్యి కలుపుతామా? మన నాయకుడైతే మరీ జాగ్రత్తగా అడగాలి. గుడ్డిగా వినే అలవాటును వదులుకునే కదా మనం బాబాసాహెబ్ చూపిన ధమ్మంలోకి వచ్చాం!

ఈ వారం ఎవరైనా మీకు ఒక పని చెబితే, చేసే ముందు ఒక్క క్షణం ఆగి అడగండి: దీనివల్ల ఎవరికి నొప్పి? జవాబు దొరికేదాకా చెయ్యి కదపకండి. మొదటి శీలం అక్కడే మొదలవుతుంది.

భవతు సబ్బ మంగళం.