శ్రావణ ఉపవాసం, శనివారం పరుగు

అక్టోబరులో జరిగే చికాగో మారథాన్‌కు సాధన చేసేవారికి పరుగు దూరం బాగా పెరిగేది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. మనకు శ్రావణ శుక్రవారాలు వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. శుక్రవారం ఉపవాసం, శనివారం తెల్లవారుజామున 15 మైళ్ళు! కొన్ని వారాలకు మెట్లెక్కినా కాళ్ళు బరువు, నిద్ర పట్టదు, జలుబు వదలదు, లేవగానే నాడి మామూలుకన్నా వేగం. అప్పుడు ఇంకా గట్టిగా పరుగెత్తాలనుకునేవారే ఎక్కువ.

భగవద్గీత ఆరవ అధ్యాయంలో 16, 17 శ్లోకాలు చూడండి. అతిగా తినేవానికే కాదు, బొత్తిగా తిననివానికీ యోగం కుదరదన్నారు స్వామి. నిద్రకూ అదే మాట. మనం మొదటి సగమే గుర్తుపెట్టుకుంటాం.

పరుగుకు తగ్గ ఆహారం అందకపోతే కండరాలు కోలుకోవు, ఎముకలు బలహీనపడతాయి, ఆడవారికి నెలసరి తప్పవచ్చు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ‘రెడ్-ఎస్’ అని పేరు పెట్టింది. శాకాహారులకు ఇనుము సంగతి కూడా ఉంది. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ తక్కువ ఉండవచ్చు. దాన్ని, బి12ను పరీక్షించమని డాక్టరుగారిని అడగండి. ఇనుము మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. పప్పు, ఆకుకూరల్లో నిమ్మరసం పిండుకోండి. కాఫీ, టీలు భోజనంతో కాక గంటో రెండు గంటలో ఆగి తాగండి.

వ్రతం మానక్కరలేదు. శనివారం కడుపునిండా తిని, దూరపు పరుగు ఆదివారం పెట్టుకోండి. ఎముకలో ఒకేచోట నొప్పి నిలిచిపోతే మాత్రం పరుగు ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.