పాత ద్విచక్ర వాహనం: పరిశీలన, బేరం, బదిలీ

హోసూరుకు ద్విచక్ర వాహనంతో ఉన్న అనుబంధం చిరకాలమైనది. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో ఈ ఊరి కర్మాగారం నుంచే వెలువడింది. ఇటీవలి సంవత్సరాలలో విద్యుత్ స్కూటర్ల కర్మాగారాలు కూడా కృష్ణగిరి జిల్లాలో వెలిశాయి. అయితే కుప్పం, పలమనేరు, హిందూపురం ప్రాంతాల నుంచి బతుకుతెరువుకై వచ్చి సిప్కాట్‌లో పనికి కుదిరిన కార్మికుడు తొలుత కొనేది సాధారణంగా కొత్త బండి కాదు. రాత్రి షిఫ్టు ముగిసే వేళకు బస్సు దొరకదు. కొత్త బండికి తగిన సొమ్ము చేతిలో ఉండదు. అందువల్ల నెలల తరబడి కూడబెట్టిన డబ్బు ఒక పాత బండి మీద పెట్టవలసి వస్తుంది. ఆ సొమ్ము వృథా కాకుండా బండిని ఎలా పరిశీలించాలో, ధరను ఎలా నిర్ణయించుకోవాలో ఈ పాఠం వివరిస్తుంది.

బయలుదేరే ముందు

ఒకే బండిని చూసి బేరానికి దిగడం తగదు. అదే నమూనాకు, దాదాపు అదే సంవత్సరానికి చెందిన బండ్లను కనీసం మూడింటిని చూడాలి. అప్పుడే ఆ రకం బండి వెల ఎంతో ఒక అంచనా ఏర్పడుతుంది. అమ్మకందారు చెప్పిన ధర అతని కోరిక మాత్రమే. మూడు బండ్లు చూసిన తరువాత తేలినది అంగడి ధర. బేరం ఈ రెండవదాని నుంచి మొదలు కావాలి.

బండి చూడడానికి పగటివేళ వెళ్లాలి. దీపాల వెలుగులో గీతలు, తుప్పు, రంగు మార్పు కనబడవు. వర్షంలో తడిసిన బండి మీద నూనె కారిన గుర్తులు చెరిగిపోతాయి. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లి అతనికి ఇచ్చే కూలి నష్టం కాదు, రక్షణ.

పరిశీలన క్రమం

మొదట ఇంజన్‌కు చేతిని దగ్గరగా పెట్టి చూడాలి. వేడిగా ఉంటే, కొనేవారు రాకముందే బండిని నడిపారన్నమాట. చల్లని ఇంజన్ మొండికేసే బండి కూడా వేడెక్కిన తరువాత సులువుగా అందుకుంటుంది. కనుక ఇంజన్ పూర్తిగా చల్లారే వరకు ఆగడం, లేదా మరునాడు ఉదయం రావడం మంచిది.

ఇంజన్ నడుస్తుండగా సైలెన్సర్ పొగను గమనించాలి. చల్లని ఉదయం తొలి క్షణాలలో కనబడే తెల్లని ఆవిరి సహజం. నీలి ఛాయ గల పొగ వెలువడుతూనే ఉంటే ఇంజన్ ఆయిల్ మండుతున్నదని అర్థం; పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగి ఉండవచ్చు. నల్లని పొగ పెట్రోలు మోతాదు మించినదని సూచిస్తుంది. ఇది తరచు చిన్న మరమ్మతుతో తీరుతుంది.

వెనుక చక్రం పళ్ల మీద ఉన్న చైనును వేళ్లతో వెనక్కి లాగి చూడాలి. అది పళ్ల నుంచి బాగా ఎడంగా వచ్చినా, పళ్లు కొక్కేల వలె ఒకవైపు వంగి ఉన్నా, చైన్ సెట్టు మార్చవలసిందే. టైరు అంచున ఉండే నాలుగు అంకెల సంఖ్య దాని వయస్సు చెబుతుంది: 2319 అని ఉంటే, ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని భావం. ముందు ఫోర్కుల మీద నూనె చెమ్మ ఉన్నదేమో చూడాలి. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుతున్నా, కాలు పెట్టే రబ్బరు, బ్రేకు పెడలు, హ్యాండిల్ పిడులు బాగా అరిగి ఉంటే మీటరు మాట నమ్మరాదు.

తరువాత బండి వెనుక పది అడుగుల దూరాన కూర్చుని రెండు చక్రాలు ఒకే వరుసలో ఉన్నాయా అని పరికించాలి. నడిపి చూసేటప్పుడు జాతీయ రహదారి 44 మీదికి వెళ్లక, రద్దీ లేని వీధిని ఎంచుకోవాలి. బండి తనంతట ఒకవైపు లాగినా, బ్రేకు వేసినప్పుడు హ్యాండిల్ వణికినా, పెద్ద ప్రమాదం జరిగి ఉండవచ్చని అనుమానించాలి.

విద్యుత్ స్కూటరైతే బ్యాటరీయే ధరలో పెద్ద భాగం. పూర్తిగా చార్జి చేయించి ఎంత దూరం నడుస్తున్నదో చూడాలి. బ్యాటరీ వారంటీ ఎంతకాలం మిగిలి ఉన్నదో, అది కొత్త యజమానికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

మూడు రకాల లోపాలు

కనబడిన లోపాలన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. టైరు, చైను, బ్యాటరీ వంటివి వాడుకలో అరిగేవి. వీటికి అంగడిలో ధర ఉన్నది గనుక బేరంలో తీసివేయవచ్చు. నీలి పొగ, గేరు శబ్దం వంటివి రెండవ రకం. వీటి ఖర్చు మెకానిక్ అంచనా వేస్తేనే తెలుస్తుంది, అంచనా రానిదే మాట ఇవ్వరాదు. వంగిన ఛాసిస్, ఆర్‌సీతో సరిపోలని ఛాసిస్ లేదా ఇంజన్ సంఖ్య, చెరిపి మళ్లీ కొట్టినట్లున్న అంకెలు మూడవ రకం. వీటికి ఎంత తగ్గించినా చాలదు. అటువంటి బండి సగం ధరకు వచ్చినా వదులుకోవాలి.

కాగితాలు కూడా బండిలో భాగమే

హోసూరు బండ్ల సంఖ్య టీఎన్-70తో, కృష్ణగిరి బండ్ల సంఖ్య టీఎన్-24తో మొదలవుతుంది. బెంగళూరు సరిహద్దు దగ్గర కావడం వల్ల కేఏ సంఖ్య గల బండ్లు, స్వగ్రామాల నుంచి తెచ్చిన ఏపీ సంఖ్య బండ్లు కూడా ఇక్కడ అమ్మకానికి వస్తాయి. ఇటువంటి బండిని ఇక్కడి పేరుకు మార్చాలంటే, మొదట నమోదైన కార్యాలయం నుంచి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం పొందాలి. తమిళనాడు రహదారి పన్ను కూడా చెల్లించాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నమోదు సంఖ్య పొందాలి. కాబట్టి బయటి రాష్ట్రపు బండి చౌకగా కనబడితే, ఈ ఖర్చును, తిరిగే దినాలను కూడా దాని ధరకు కలిపి చూడాలి.

ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే, అప్పు తీరినదన్న నోటిమాట చాలదు. బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 చూపించమనాలి. చెల్లించని జరిమానాలు ఉన్నవేమో పరివాహన్ పోర్టల్‌లో చూడవచ్చు. బీమా, కాలుష్య ధ్రువపత్రం గడువులు కూడా రాసుకోవాలి. వ్యాపారి వద్ద కొంటున్నట్లయితే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల మేరకు అతనికి రవాణా కార్యాలయం అనుమతి పత్రం ఉన్నదా అని అడగవచ్చు.

బేరం: మాటతో కాదు, లెక్కతో

ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని అంకెలు పద్ధతిని చూపడానికి మాత్రమే. అమ్మకందారు 42,000 రూపాయలు అడిగాడు. అటువంటి బండ్ల అంగడి ధర 40,000. ఈ బండికి వెనుక టైరు 2,000, చైన్ సెట్టు 1,500, బ్యాటరీ 1,300, ఫోర్కు సీళ్లు 900, బీమా 1,000: మొత్తం 6,700 ఖర్చున్నది. అన్నీ తీసివేస్తే 33,300. కొనేవారు చెప్పవలసిన మొదటి ధర ఇదే.

"అన్నా, పాత బండికి కొత్త టైరు ఎక్కడి నుంచి వస్తుంది?" అని అమ్మకందారు అనవచ్చు. ఆ మాటలో న్యాయం ఉన్నది. పాత బండి ధరలో కొంత అరుగుదల ముందే లెక్కకు వచ్చి ఉంటుంది. కనుక అరిగే వస్తువుల ఖర్చు 4,800లో సగం, అంటే 2,400, కొనేవారు భరించవచ్చు. మిగిలిన సగం, సీళ్లు, బీమా కలిపి 4,300 తగ్గిస్తే 35,700. ఇది దాటరాని హద్దు. ఈ రెండు అంకెలను ఇంటి నుంచి తెచ్చుకున్న చీటీపై రాసుకుంటే, ఉత్సాహంలో గాని మొహమాటంలో గాని మాట జారదు.

బండిని హీనంగా మాట్లాడడం వల్ల ధర తగ్గదు, ఎదుటివారి మనసు మాత్రం గట్టిపడుతుంది. "బండి బాగా చూసుకున్నారన్నా. ఈ మూడు పనులు మాత్రం ఈ నెలలోనే చేయించాలి, లెక్క ఇదిగో" అని చీటీ చూపడం మర్యాద, లాభం కూడా.

అమ్మకందారు తమిళుడైతే కొన్ని మాటలు తెలిసి ఉండడం మేలు. "విలై ఎవ్వళవు?" అంటే వెల ఎంత అని; "కడైసి విలై ఎన్న?" అంటే ఆఖరి ధర ఏమిటని; "కడన్ ఇరుక్కా?" అంటే అప్పు ఉన్నదా అని, "ఎళుది కొడుంగ" అంటే రాసివ్వండి అని. తెలుగు వెల, తమిళ విలై, కన్నడ బెలె తోబుట్టువుల వంటి మాటలు. ఈ ఊళ్లో మూడూ చెల్లుతాయి.

డబ్బు చేతులు మారే వేళ

బయానా ఇచ్చినా రసీదు తీసుకోవాలి. మిగతా సొమ్ము ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పూర్తయి, అసలు ఆర్‌సీ చేతికి వచ్చిన తరువాతే, వీలైనంత వరకు బ్యాంకు ద్వారా చెల్లించాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలతో సరిపెట్టుకుని "పేరు తరువాత మార్చుకుందాం" అనుకోవడం ఇద్దరికీ ముప్పే. ఒకే రాష్ట్రంలోని అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా కార్యాలయానికి తెలపాలని చట్టం చెబుతున్నది. బీమా బదిలీకి కొన్నవారు 14 రోజులలో దరఖాస్తు చేయాలి. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం నాటికి రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే యజమానిగా పరిహార బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. సంతకానికి, కార్యాలయానికి రావడానికి జంకే అమ్మకందారుకు ఈ సంగతి వివరిస్తే, పేరు మార్పు తన రక్షణ కోసమేనని గ్రహిస్తాడు.

మననానికి ప్రశ్నలు

1. అమ్మకందారు చెప్పిన ధరకు, అంగడి ధరకు భేదం ఏమిటి?
2. ఏ లోపాలను ధరలో తీసివేయవచ్చు? ఏ లోపం కనబడితే బండిని వదులుకోవాలి?
3. పేరు మార్పు జరగకపోతే అమ్మినవారికి కలిగే నష్టమేమి?